టెక్ సందేహాలు: స్కోపు మంచిదే, జారేది బిగింపు

ఈ వారం వచ్చిన ఉత్తరాల్లో మూడింటిని ఒకచోట చేర్చాను. మూడూ తుపాకీ మీద అమర్చే దూరదర్శిని, అంటే స్కోపు గురించే. అందరూ అద్దాల గురించి అడిగారు. నాకు మాత్రం ముందుగా ఆ అద్దాలను పట్టి ఉంచే రింగుల గురించి, వాటి కింద ఉండే బేస్ గురించి మాట్లాడాలనిపించింది.

నల్గొండ నుంచి ఒక డిగ్రీ విద్యార్థి: స్ప్రింగ్ ఎయిర్ రైఫిల్‌కు స్కోపు అమర్చుకుని ఇంటి వెనక ఇసుక బస్తాలు పేర్చి 10 మీటర్ల దూరంలో సాధన చేస్తున్నాను. పొద్దున సరిచేసుకున్న గురి ముప్పై పెల్లెట్లకే చెదిరిపోతోంది. స్కోపు మీది గురి సరిచేసే మరలు తిప్పినా తేడా కనిపించడం లేదు. కొత్త స్కోపు కొనాలా?

వద్దు, ఆగండి. మీరు పంపిన ఫోటోను పెద్దది చేసి చూశాను. రైఫిల్ పైన ఉన్న పట్టాలో ముందు క్లాంపుకు (రింగును పట్టాకు బిగించే భాగానికి) కాస్త ముందుగా బియ్యపుగింజంత మేర నలుపు పోయి లోహం మెరుస్తోంది. క్లాంపు నిన్నటిదాకా అక్కడ ఉంది, ఇప్పుడు వెనక్కి జరిగింది. మీ స్కోపులో లోపమేమీ లేదు. అది కూర్చున్న చోటే కదులుతోంది.

చాలామంది ఎయిర్ రైఫిల్ అంటే ఆటవస్తువు, దానికి కుదుపు ఏముంటుందిలే అనుకుంటారు. స్ప్రింగ్ రైఫిల్ కుదుపు రెండు దిక్కులా ఉంటుంది. లోపలి పిస్టన్ ముందుకు దూకినప్పుడు రైఫిల్ వెనక్కి తంతుంది. మరుక్షణమే పిస్టన్ చివర గాలికి తగిలి ఆగుతుంది, అప్పుడు రైఫిల్ ముందుకు గుంజుకుంటుంది. ఆ రెండో గుంజు గట్టిది. రైఫిల్ ముందుకు పోతే స్కోపు ఉన్నచోటే ఉండిపోవాలని చూస్తుంది కాబట్టి క్లాంపులు పట్టా మీద వెనక్కి జారతాయి. అందుకే పెద్ద రైఫిల్ కుదుపును ఏళ్ల తరబడి తట్టుకున్న స్కోపు కూడా స్ప్రింగ్ రైఫిల్ మీద పాడైన సందర్భాలున్నాయి. కొనేటప్పుడే ఎయిర్ రైఫిల్‌కు తగినదని పెట్టె మీద రాసి ఉందో లేదో చూడాలి.

మీ పట్టా సుమారు 11 మిల్లీమీటర్ల డవ్‌టెయిల్ రకం, అంటే అంచులు ఏటవాలుగా లోపలికి కోసినది. దాని పైభాగంలో చిన్న రంధ్రం ఉంటే, అడుగున ఆపుడు పిన్ను ఉన్న మౌంటు (రింగులూ క్లాంపులూ కలిసిన అమరిక) తీసుకుని ఆ పిన్నును రంధ్రంలోకి దించండి. రంధ్రం లేకపోతే వెనక క్లాంపును ఆనుకునేలా విడిగా దొరికే స్టాపర్ బిగించండి. రెండు విడి రింగుల కన్నా ఒకే ముక్కగా వచ్చే మౌంటు నయం. పట్టాను పట్టుకునే భాగం దానిలో పొడవుగా ఉంటుంది.

ఇక బిగించే పద్ధతి. అన్నీ విప్పేయండి. తుప్పు పట్టకుండా రాసిన నూనె పట్టా మీద, రింగుల లోపల, స్క్రూల మరల్లో ఉంటుంది. గోళ్ల రంగు తుడిచే ద్రవాన్ని గుడ్డకు అద్ది ఆ నూనెను పూర్తిగా తీసేయండి. అది కర్ర భాగానికీ అద్దాలకూ మాత్రం తగలనివ్వకండి, పూతలు పోతాయి. స్కోపును కింది సగం రింగుల్లో కూర్చోబెట్టి, పై సగాలను వదులుగా పెట్టండి. కళ్లు మూసుకుని రైఫిల్‌ను భుజానికి ఆనించి, తల హాయిగా వాల్చి, అప్పుడు కళ్లు తెరవండి. నల్లటి అంచు లేకుండా నిండు వృత్తం కనిపించేదాకా స్కోపును ముందుకూ వెనక్కూ జరపండి. తర్వాత, మేస్త్రీలు గోడ నిలువు చూసుకున్నట్టే, దూరంగా ఒక దారానికి బరువు కట్టి వేలాడదీయండి. రైఫిల్‌ను ఒరగకుండా నిలిపి, స్కోపులోని నిలువు గీతను ఆ దారంతో కలపండి.

ఇప్పుడు స్క్రూలు. కారు చక్రం నట్లను ఎదురెదురుగా బిగిస్తాం కదా, ఇక్కడా అంతే. ఒక స్క్రూ కొద్దిగా, దాని ఎదుటిది కొద్దిగా. రింగు పై సగానికీ కింది సగానికీ మధ్య రెండు పక్కలా సందు సమానంగా ఉండాలి. విజిటింగ్ కార్డు ముక్కలను దూర్చి పోల్చి చూడండి. తయారీదారు చీటీలో బిగింపు లెక్క ఉంటే అదే పాటించండి. సాధారణంగా రింగుల పై స్క్రూలకు 15 నుంచి 18 అంగుళ-పౌండ్లు, అంటే దాదాపు 2 న్యూటన్ మీటర్లు సరిపోతుంది. బిగింపు బలాన్ని కొలిచే టార్క్ స్క్రూడ్రైవర్ లేకపోతే, L ఆకారంలో ఉండే ఎలన్ కీని పొట్టివైపు పట్టుకుని రెండు వేళ్లతోనే తిప్పండి. నా మొదటి స్కోపును నేను పొడవు వైపు పట్టుకుని బలమంతా పెట్టి బిగించాను. గొట్టం మీద పడిన ఆ నొక్కు ఇప్పటికీ వేలికి తగులుతుంది.

చివరగా క్లాంపు అంచునూ పట్టానూ కలుపుతూ గోళ్ల రంగుతో సన్నని గీత గీయండి. మళ్లీ జారితే ఆ గీత విరుగుతుంది, మీకు తెలుస్తుంది.

మరలు తిప్పినా తేడా లేదన్నారు కదా. మీ స్కోపులో ఒక్కో క్లిక్కు పావు నిమిషం కోణం. ఇక్కడ నిమిషమంటే డిగ్రీలో అరవయ్యో వంతు. అది 100 మీటర్ల దగ్గర 7 మిల్లీమీటర్లకు పైగా కదుపుతుంది గానీ, 10 మీటర్ల దగ్గర 0.7 మిల్లీమీటర్లే. సెంటీమీటరు జరగాలంటే పద్నాలుగు క్లిక్కులు కావాలి. మీరు రెండు తిప్పి ఆగిపోయినట్టున్నారు.

ఒక మాట గట్టిగా చెబుతున్నాను. 4.5 మిల్లీమీటర్ల బోరు (గొట్టం లోపలి వెడల్పు), 20 జౌళ్లకు మించని శక్తి ఉన్న ఎయిర్ రైఫిల్‌కు ఆయుధాల నిబంధనలు 2016 ప్రకారం లైసెన్సు అక్కరలేదు. అలాగని పిట్టల మీదికి గురిపెట్టకండి. అది వేటే.

అచ్చంపేట నుంచి ఒక రైతు: పంట రక్షణకు మా నాన్న పేరున ఉన్న రైఫిల్ లైసెన్సుతో సహా నా పేరుకు మారింది. ఆన్‌లైన్‌లో పికటిన్నీ రింగులు కొన్నాను. రైఫిల్ మీద ముందువైపు ఉన్న వీవర్ బేస్ గాడిలో వాటి అడ్డ బోల్టు దిగడం లేదు. వెనక బేస్‌కు అసలు రంధ్రాలే లేవు. ఊళ్లో లేత్ మిషన్ ఆయన గాడి అరగదీసి, రంధ్రాలు వేస్తానంటున్నాడు.

అన్నా, ఆ రెండూ చేయించకండి. వీవర్, పికటిన్నీ అనేవి బేస్‌లో రెండు రకాలు. వీవర్ గాడి వెడల్పు 4.57 మిల్లీమీటర్లు, పికటిన్నీది 5.23. లావు బోల్టు సన్న గాడిలో పట్టదు. వీవర్ రింగులు తీసుకుంటే సాధారణంగా రెండింటిలోనూ దిగుతాయి. పాతవి తిరిగి ఇచ్చేయండి. బిగించేటప్పుడు అడ్డ బోల్టును గాడి ముందు అంచుకు ఆనించి పట్టుకోండి. ఈ రైఫిల్ కుదుపు వెనక్కే కాబట్టి, స్ప్రింగ్ రైఫిల్‌కు భిన్నంగా, స్కోపు ముందుకు జారాలని చూస్తుంది.

రంధ్రాల సంగతి వేరు. ఆయుధాల చట్టం 1959లోని 5వ సెక్షన్ ప్రకారం లైసెన్సు లేనివారు తుపాకీని మరమ్మతు చేయకూడదు, మార్చకూడదు. లేత్ ఆయన ఎంత పనిమంతుడైనా రంధ్రం అర మిల్లీమీటరు పక్కకు పోతే స్కోపు జీవితాంతం వంకరే. లోతు ఎక్కువైతే, గుండు పేలేటప్పుడు ఒత్తిడిని ఆపే గోడే పలచబడుతుంది. లైసెన్సున్న ఆయుధ డీలరు దగ్గరకే తీసుకెళ్లండి. పని అయ్యాక గుండు లేకుండా రైఫిల్ బోల్టును, అంటే గుండును లోపలికి నెట్టే కడ్డీని, తెరిచి మూసి చూడండి. బేస్‌కు వచ్చే స్క్రూలు తరచు రెండు పొడవుల్లో ఉంటాయి. పొడవుది పొట్టిదాని చోట పడితే మొన లోపలికి పొడుచుకొచ్చి బోల్టుకు తగులుతుంది. ఈ రైఫిల్ మీద కంటికీ స్కోపుకూ మధ్య 8 నుంచి 10 సెంటీమీటర్లు వదలండి, లేకుంటే కుదుపుకు కనుబొమ చిట్లుతుంది.

మీ వేరుశనగను అడవిపందులు తవ్వి పోస్తున్న బాధ నాకు అర్థమవుతుంది. కానీ వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 కింద అనుమతి లేకుండా కాలిస్తే నేరం. చేతిలో తుపాకీ లైసెన్సు ఉన్నంత మాత్రాన ఆ అనుమతి ఉన్నట్టు కాదు. ముందు అటవీ శాఖ కార్యాలయానికి వెళ్లి రండి.

మహబూబ్‌నగర్ నుంచి ఒక తండ్రి: మా అమ్మాయి 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీలకు సిద్ధమవుతోంది. పుట్టినరోజుకు మంచి స్కోపు ఏది కొనమంటారు?

ఏదీ కొనకండి. ఆ పోటీలో పెద్దదిగా చూపే స్కోపును అనుమతించరు. చిన్న రంధ్రంలోంచి చూసే పీప్ సైట్‌తోనే గురి చూడాలి. 2012 లండన్ ఒలింపిక్స్‌లో మన హైదరాబాద్ కుర్రాడు గగన్ నారంగ్ కాంస్యం గెలిచింది ఈ పోటీలోనే, అలాంటి సైట్‌తోనే. లక్ష్యం మధ్యలో పది పాయింట్ల చుక్క వెడల్పు అర మిల్లీమీటరు. స్కోపుకు అలవాటుపడిన కన్ను మళ్లీ పీప్ సైట్‌కు సర్దుకోవాలంటే అమ్మాయికి నెలలు వృథా అవుతాయి. కోచ్‌ను అడిగి, ఆమె రైఫిల్‌కు ఏ పెల్లెట్లు బాగా పడుతున్నాయో తెలుసుకుని, ఒకే బ్యాచ్‌వి కొన్ని డబ్బాలు కొనివ్వండి.