ఆయన నమ్మకపోతే రక్షణ లేనట్టేనా?

ప్రశ్న: మాది విశాఖపట్నం, జ్ఞానాపురం. మావారు కతోలిక కుటుంబంలో పుట్టారు, నేను పెంతెకొస్తు సంఘానికి వెళతాను. మా అబ్బాయి భూస్థాపన రోజున ఒక పాస్టరు, ‘మీ విశ్వాసం చాలలేదు’ అన్నారు. ఆనాటి నుంచి మావారు ఏ గుడి గడపా తొక్కలేదు. ఇప్పుడు ఆయనకు డయాలసిస్ జరుగుతోంది. ప్రార్థన అంటే గోడవైపు తిరిగి పడుకుంటారు. ఆయన నిద్రపోయాక దిండు కింద ప్రార్థన చేసిన నూనె సీసా పెడుతున్నాను. ఇలాగే పోతే నరకమేనని సంఘంలో అంటున్నారు. నిజమేనా?

జవాబు: అమ్మా, దీనికి క్రైస్తవులందరూ ఒకే జవాబు చెప్పరు. యోహాను సువార్త 14:6 చూపి, క్రీస్తును నమ్మనివారికి రక్షణ లేదని మీ సంఘం అంటుంది. దాన్ని నేను మెత్తబరచి చెప్పను. కతోలిక శ్రీసభ 1964లో, ప్రపంచ బిషప్పులు కూడిన రెండో వాటికన్ మహాసభలో, తమ తప్పు లేకుండా సువార్తను ఎరుగనివారు చిత్తశుద్ధితో దేవుణ్ణి వెదుకుతూ మనస్సాక్షి ప్రకారం నడుచుకుంటే రక్షణ పొందవచ్చని ప్రకటించింది. తెలిసి తెలిసి కాదన్నవారి విషయంలో అదీ కఠినంగానే మాట్లాడింది. అయితే నాస్తికత్వం పుట్టడంలో విశ్వాసుల పాత్ర కూడా తక్కువేమీ కాదని మరుసటి ఏడాది అదే సభ ఒప్పుకుంది.

మీ ఇంట్లో జరిగింది అదే కదా! మీవారు కాదన్నది క్రీస్తునా, కొడుకును పూడ్చిన రోజున ఆ మాట అన్న మనిషినా? నాకైతే రెండోదే అనిపిస్తోంది. ఆయనకే తేలి ఉండకపోవచ్చు. ఇక మీ సంఘంవారికి ఎలా తేలుతుంది? యేసు పక్కనే సిలువ మీద, చనిపోయే ముందు ఆయన్ని నమ్మి పరదైసు మాట పొందిన దొంగ సంగతి వాళ్ళకూ తెలుసు. చివరి గంటలో ఎవరి మనసు ఎటు తిరుగుతుందో పక్కనున్నవారికి కనబడదు.

నూనె సీసా మాత్రం తీసేయండి. నిద్రపోతున్న మనిషికి తెలియకుండా చేసే పని అది. వాక్యానికి లోబడని భర్తలను మాటలతో పని లేకుండా నడవడితోనే రాబట్టుకోవచ్చని పేతురు మొదటి పత్రిక మూడో అధ్యాయంలో ఉంది. నగలు వద్దని చెప్పడానికి ఆ అధ్యాయం తీసేవారు మొదటి వచనాన్ని ఎందుకు దాటేస్తారో! నరకం గురించి చెప్పడానికి వచ్చేవారిని, ఆయనకు విశ్రాంతి కావాలని గుమ్మంలోనే చెప్పి పంపండి. మీ ప్రార్థన మీ గదిలో చేసుకోండి, దానికి ఎవరి అనుమతీ అక్కరలేదు.

డయాలసిస్‌కు వెళ్ళిన రోజున పక్కన కూర్చుని అబ్బాయి గురించి మాట్లాడండి. వాడికి ఏ కూర ఇష్టమో, ఏ అల్లరి చేసేవాడో. ఆ పాస్టరు అన్నది తప్పని మీ నోటితో మీవారికి ఎప్పుడైనా చెప్పారా? ఉత్తరంలో ఎక్కడా కనబడలేదు. చెప్పకపోతే, ముందు ఆ మాట చెప్పండి.