కాలిన ఇంటికి ముందు టార్పాలిన్, తర్వాతే అప్పు

ప్రశ్న: మాది అమలాపురం దగ్గర పల్లె. పది రోజుల కిందట షార్ట్ సర్క్యూట్‌తో వంటగది, పక్క గది కాలిపోయాయి. మనుషులకు ఏమీ కాలేదు. ఆ రెండు గదుల పైన రేకులు పోయాయి, రోజూ వాన. హౌసింగ్ లోన్ 11 లక్షలు మిగిలింది. మావారు 5 లక్షలు పర్సనల్ లోన్ తీసుకుందామంటున్నారు. 2 లక్షల ఎఫ్‌డీ ఉంది. ఏం చేయాలి?

జవాబు: అమ్మా, పర్సనల్ లోన్ మాట ఇప్పుడే వద్దు. ముందు బ్యాంకుకు వెళ్లి, లోన్ ఇచ్చినప్పుడు ఇంటికి ఇన్సూరెన్స్ చేశారేమో అడగండి. చాలామందికి పాలసీ ఉన్న సంగతే గుర్తుండదు. లోన్ తీసుకున్న మనిషి ప్రాణానికి చేసే బీమా వేరు, అది ఇక్కడ పనికిరాదు. 2021 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన 'భారత్ గృహ రక్ష' అనే ఇంటి బీమా పాలసీ అయితే అగ్నిప్రమాదంతో పాటు తుఫాను, వరద కూడా అందులో ఉంటాయి. ఇంటి బీమా మొత్తంలో 20 శాతం, గరిష్ఠంగా 10 లక్షల దాకా సామానుకూ వర్తిస్తుంది. పాలసీ దొరికితే ఈరోజే కంపెనీకి రాతపూర్వకంగా చెప్పండి. ఫైర్ స్టేషన్ నుంచి సర్టిఫికెట్ తీసుకోండి.

ఎఫ్‌డీలోంచి ఇప్పుడు తీయాల్సింది టార్పాలిన్ ఖర్చు మాత్రమే. ప్రతి గదినీ ఫోటోలు, వీడియో తీశాకే కప్పండి, బిల్లు దాచండి. నష్టం పెరగకుండా చూసుకోవడం పాలసీదారు బాధ్యత. వానకు మిగతా గోడలు నానిపోతే ఆ మేరకు క్లెయిమ్ తగ్గించవచ్చు. నష్టం అంచనా వేసే సర్వేయర్ చూసేదాకా కాలిన సామాను పారేయకండి. మంటల వేడికి స్లాబు బలం తగ్గవచ్చు కాబట్టి, వేడి తగిలిన స్లాబు ఉంటే ఇంజనీరుకు చూపించండి. ఎలక్ట్రీషియన్ చూడకుండా మెయిన్ స్విచ్ వేయకండి.

ఒక్కసారిగా అంతా చేయించాలన్న తొందర నాకు అర్థమవుతుంది, కానీ తడి గోడ మీద రంగు నిలవదు. రేకులు, వైరింగు ముందు. కోనసీమలో అక్టోబరు, నవంబరులోనూ తుఫాన్ల భయమే కాబట్టి రంగులు, చెక్కపని సంక్రాంతి ముందు పెట్టుకోండి.

లోన్ ఉన్న ఇంటికి క్లెయిమ్ డబ్బు సాధారణంగా బ్యాంకు చేతికే వెళ్తుంది. దాన్ని బాకీలో జమ వేయకుండా మరమ్మతుకు ఇవ్వమని అర్జీ పెట్టండి. కంపెనీ అన్యాయంగా కాదంటే హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్‌కు (బీమా ఫిర్యాదులు విచారించే అధికారికి) ఫిర్యాదు చేయవచ్చు, ఖర్చుండదు, వకీలు అక్కర్లేదు.

పాలసీయే లేదని తేలితే, ఎఫ్‌డీ మీద లోన్, ఆ తర్వాత హౌసింగ్ లోన్ టాప్‌అప్ (ఉన్న లోన్ మీదే ఇచ్చే అదనపు అప్పు) అడగండి. రెండిటికీ వడ్డీ పర్సనల్ లోన్ కన్నా తక్కువే ఉంటుంది.