మోత తగ్గించే పని కూడా ఉద్యోగమేనా?

ప్రశ్న: చిత్తూరులో నాకు సౌండ్ సిస్టమ్ అద్దెకిచ్చే షాపు ఉంది. మావాడు ఎంపీసీ ముగించాడు. వాడి ర్యాంకుకు తిరుపతిలో మెకానికల్ వస్తుంది. అప్పు చేసైనా మేనేజ్‌మెంట్ కోటాలో ఏఐ సీటు కొంటానంటే వద్దంటున్నాడు. మెషీన్లలో శబ్దం, అదురు తగ్గించే పని నేర్చుకుంటాడట! మొన్న ఒక పెళ్లిలో హమ్మింగ్ వస్తే మిక్సర్‌నీ ఆంప్లిఫయర్‌నీ ఒకే ప్లగ్ బోర్డుకి మార్చి ఆపేశాడు. అప్పట్నుంచి అదే పెద్ద విద్య అనుకుంటున్నాడు. నాలాగా వాడూ రాత్రుళ్లు బాక్సులు మోయకూడదు. రెండు బ్రాంచీలూ పోల్చి చెప్పండి.

జవాబు: పోలుస్తాను. కానీ మీ ఉత్తరంలో అసలు బెంగ బ్రాంచి గురించి కాదు, ఆ బాక్సుల గురించి. దాని దగ్గరకీ వస్తాను.

ముందు మీవాడు హమ్మింగ్ ఆపిన సంగతి. అది విద్యేనండీ. రెండు చోట్ల ప్లగ్గు పెడితే రెండు ఎర్తుల మధ్య కొద్దిగా వోల్టేజీ తేడా ఉంటుంది. ఆ తేడాకి కేబుల్ షీల్డ్ (లోపలి తీగ చుట్టూ ఉండే లోహపు తొడుగు) గుండా కరెంటు పారి, స్పీకర్లో 50 హెర్ట్జ్, అంటే సెకనుకి 50 ఊపుల మోతగా వినిపిస్తుంది. అదే మోత 100 దగ్గర ఉంటే చాలాసార్లు పవర్ సప్లైలో కెపాసిటర్ పోయిందని అనుమానించాలి. ఇదంతా తెలియనివాళ్లు ఎర్త్ పిన్ను పీకేసి హమ్మింగ్ ఆపుతారు, ఆ తర్వాత మైకు పట్టుకున్నవాడికి షాక్ కొట్టే ప్రమాదం ఉంది. మీవాడు ఆ పని చేయలేదు. మోతను బట్టి జబ్బు ఎక్కడుందో వెతికాడు.

ఫ్యాక్టరీలో చేసేదీ ఇదే. నిమిషానికి 1440 తిరిగే మోటారు సెకనుకి 24 చుట్లు తిరుగుతుంది. అదురు ముఖ్యంగా ఆ 24 హెర్ట్జ్ దగ్గరే ఉంటే బ్యాలెన్స్ తప్పిందేమో చూస్తారు. దానికి రెట్టింపు దగ్గర గట్టిగా ఉంటే మోటారు షాఫ్టూ పంపు షాఫ్టూ ఒకే వరసలో లేవేమో చూస్తారు. కింద రబ్బరు వేస్తే సరిపోదా అంటారు చాలామంది. రబ్బరు మీద కూర్చున్న మెషీన్‌కి సొంతంగా ఊగే వేగం ఒకటుంటుంది. మెషీన్ అదురు వేగం దానికి సుమారు 1.4 రెట్లు దాటితేనే ఆ రబ్బరు పనిచేస్తుంది. రెండు వేగాలూ దగ్గరపడితే ఊపు ఇంకా పెరుగుతుంది.

మీ జిల్లా మామిడి గుజ్జు ఫ్యాక్టరీల్లో పంపులున్నాయి, శ్రీసిటీలో మెట్రో బోగీలు తయారవుతున్నాయి, చెన్నై దగ్గర శ్రీపెరుంబుదూరు, ఒరగడం వైపు కార్ల కంపెనీలున్నాయి. కార్ల కంపెనీల్లో ఈ శబ్దం, అదురు తగ్గించే పనిని ఎన్‌వీహెచ్ (నాయిస్, వైబ్రేషన్, హార్ష్‌నెస్) అంటారు. ఎలక్ట్రిక్ బండ్లొచ్చాక ఈ పనేమీ తగ్గలేదు. ఇంజిన్ మోత పోయేసరికి గేర్ల కూత, మోటారు కీచు బయటపడ్డాయి.

ఇక మీ ఏఐ. ఆ సబ్జెక్టు మీద నాకు కోపం లేదు, అప్పు చేసి కొనే ఆ సీటు మీదే అనుమానం. ఒకప్పుడు బయోటెక్నాలజీకి ఇలాగే ఎగబడ్డారు. బ్రాంచి పేరు మార్చి, ఫీజు పెంచి, అదే సీఎస్‌ఈ పాఠాలు చెప్పే కాలేజీలున్నాయి. ఆ సబ్జెక్టులు ఎవరు చెబుతారని అడగండి, ప్లేస్‌మెంట్ ఫ్లెక్సీ చూపిస్తే లేచి వచ్చేయండి. మెషీన్ పాడవకముందే చెప్పే సాఫ్ట్‌వేర్ గురించి మీరూ వినే ఉంటారు. ఆ సాఫ్ట్‌వేర్‌కి డేటా ఇచ్చేది సెన్సారు. దాన్ని వదులుగా అతికించినా, కొలవాల్సిన ఫ్రీక్వెన్సీకి రెట్టింపు కన్నా తక్కువ వేగంతో శాంపిళ్లు (రీడింగులు) తీసినా, లేని అదురు ఉన్నట్టు కనిపిస్తుంది. అది దొంగ అదురని పట్టుకోవాలంటే మెషీన్ తెలిసిన మనిషే కావాలి. మెకానికల్ చదివేవాడు పైథాన్ నేర్చుకోగలడు. కోడింగ్ మాత్రమే చదివినవాడు బేరింగ్ గురించి అంత తేలిగ్గా నేర్చుకోలేడు. సాఫ్ట్‌వేర్ వాళ్లు దీనికి ఒప్పుకోకపోవచ్చు, నా అభిప్రాయం ఇదే.

మెకానికల్లోనూ కష్టం ఉంది. మొదటి ఉద్యోగం మెయింటెనెన్స్ షిఫ్టుల్లో రావచ్చు, జీతం మీ బంధువుల సాఫ్ట్‌వేర్ పిల్లలకన్నా తక్కువగా ఉండొచ్చు. డిజైన్ వైపు వెళ్లాలంటే ఎంటెక్ దాదాపు తప్పదు. అది వద్దనుకుంటే, అనుభవం వచ్చాక ఐఎస్ఓ 18436-2 ప్రకారం వైబ్రేషన్ అనలిస్ట్ సర్టిఫికెట్ ఉంది, కేటగిరీ 1 నుంచి 4 దాకా. వాడికి ఆంప్లిఫయర్ల లోపలి సర్క్యూటే ఎక్కువ ఇష్టమైతే ఈసీఈ మేలు. ఆ సంగతి వాణ్నే అడగండి. మీ ఉత్తరంలో వాడికేం ఇష్టమో మీరు ఒకే ఒక్కచోట రాశారు, అదీ వెటకారంగా.

మీరు బాక్సులు మోసి పెంచినందుకే వాడికి ఆ చెవి వచ్చింది. అందులో సిగ్గుపడాల్సిందేముంది? వాడు బాక్సులు మోయడని నాకు నమ్మకం. ఒకవేళ ఏ రాత్రో మీతోపాటు ఒకటి మోసినా వాడి డిగ్రీకి వచ్చే నష్టం లేదు.

అప్పు మాత్రం చేయొద్దు. ఆప్షన్లలో మెకానికల్ పైన పెట్టనివ్వండి. చెవుల గురించి కూడా ఒక మాట. మన ఫ్యాక్టరీల్లో ఎనిమిది గంటల పనికి 90 డెసిబెళ్లు హద్దు. మీ బాక్సుల ముందు అది సులువుగా దాటుతుంది. వాడికి మంచి ఇయర్ ప్లగ్గులు కొనివ్వండి. కాలేజీ పనిమీద తిరుపతి వచ్చినప్పుడు రుయా ఆసుపత్రిలో మీ చెవులూ పరీక్ష చేయించుకోండి.