హత్య తర్వాతి పేజీలు

తమ్ముడూ,

నీ కథ చదివాను. హత్య దాకా బిగువుగానే నడిచింది. చిక్కంతా ఆ తర్వాతే. నీ గుమాస్తాకు నిద్ర పట్టదు, చెమటలు పోస్తాయి, చేతులు పదేపదే కడుక్కుంటాడు, ఆఖరికి అద్దంలోంచి అంతరాత్మ లేచి నిలదీస్తుంది. మన పాత సినిమాల్లో అరిగిపోయిన అద్దం అది. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకునేవాణ్ణి పాఠకుడు ఇట్టే పోల్చుకుంటాడు గానీ, వాడి వెంట నాలుగడుగులైనా నడవడు.

నీకో సినిమా చెబుతాను. 'స్కార్లెట్ స్ట్రీట్', 1945, దర్శకుడు ఫ్రిట్జ్ లాంగ్. నలుపు తెలుపు, గంటా నలభై నిమిషాల పైచిలుకు. అమెరికాలో దీని కాపీరైటును ఎవరూ పొడిగించుకోలేదు కాబట్టి నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. చెత్త ప్రింట్లు ఎక్కువ ఉన్నదీ అందుకే. మొహాలూ గోడలూ ఒకే బూడిద రంగులో కలిసిపోయిన కాపీ చూడకు, బాగుచేసిన ప్రింటు వెతుక్కో. హెడ్‌ఫోన్లు పెట్టుకో, ఇందులో సగం పని శబ్దానిది. ఉత్తరాన్ని ఇక్కడ ఆపి, సినిమా చూసొచ్చి మిగతాది చదువు. ముగింపు దాచిపెట్టి దీని గురించి మాట్లాడటం కుదరదు.

చూశావు గదా. క్రిస్ క్రాస్ న్యూయార్క్‌లో ఓ కంపెనీ క్యాషియర్. పాతికేళ్ల సర్వీసుకు యజమాని విందు ఇచ్చి బంగారు గడియారం బహూకరిస్తాడు. ఆ వెంటనే కింద కారులో ఎదురుచూస్తున్న పడుచుపిల్ల దగ్గరికి వెళ్లిపోతాడు. కిటికీలోంచి క్రిస్ చూస్తాడు. అలాంటి పిల్ల తననూ ప్రేమిస్తే ఎలా ఉంటుందో అన్న ఆశ అక్కడే పడింది. ఇంట్లో భార్య అడేల్ నోటికి జడిసి ఏప్రన్ కట్టుకుని గిన్నెలు తోముతాడు. గోడ మీద ఆమె మొదటి మొగుడి పటం దర్జాగా వేలాడుతుంటుంది. ఆదివారాలు బాత్రూంలో కూర్చుని బొమ్మలు వేసుకోవడం ఒక్కటే క్రిస్‌కున్న సుఖం.

వానరాత్రి వీధిలో ఒకడు ఓ అమ్మాయిని కొడుతుంటే గొడుగుతో అడ్డుపడతాడు. ఆమె కిటీ, కొట్టినవాడు ఆమె ప్రియుడు జానీ. ఈయన డబ్బున్న చిత్రకారుడని కిటీ అనుకుంటుంది, ఈయన కాదనడు. ఆ ఒక్క మౌనం మీదే మిగతా కథంతా నిలబడింది. ఆమె కోసం ముందు పెళ్లాం డబ్బు, తర్వాత కంపెనీ డబ్బు కాజేస్తాడు. అతని బొమ్మలు కిటీ పేరు మీద గ్యాలరీకి ఎక్కితే కోపం రాదు సరికదా, మురిసిపోతాడు. చివరికి కిటీ ప్రేమ జానీ మీదేనన్న నిజం తెలిసి, ఆమె తన మొహం మీదే పగలబడి నవ్వితే ఐస్ పొడిచే సూదితో పొడిచి చంపుతాడు. నేరం జానీ మీద పడుతుంది, విద్యుత్ కుర్చీలో మరణశిక్ష కూడా వాడికే.

ఆ రోజుల్లో హాలీవుడ్ నియమావళి ప్రకారం హంతకుడు చట్టానికి దొరక్కుండా పోకూడదు. ఇక్కడ ఆ నేరం చెయ్యనివాడు చస్తాడు, చేసినవాడు వీధిలో తిరుగుతుంటాడు. అందుకే 1946 జనవరిలో న్యూయార్క్ రాష్ట్ర సెన్సారు దీన్ని నిషేధించింది. మిల్వాకీ, అట్లాంటా నగరాలూ అదే బాట పట్టాయి. కొన్ని కత్తిరింపుల తర్వాతే న్యూయార్క్‌లో ఆడింది.

ఇక నీకు పనికొచ్చే సంగతి. ఇదే కథను లాంగ్ కన్నా ముందే, 1931లో, ఫ్రాన్సులో జాన్ రెన్వార్ 'లా షియెన్' పేరుతో తీశాడు. రెండింటికీ ఒకటే నవల ఆధారం. అక్కడా క్యాషియరే, బొమ్మలే, హత్యే, చెయ్యని నేరానికి ప్రియుడి చావే. కానీ రెన్వార్ క్యాషియర్ చివర్లో బిచ్చగాడై తిరుగుతూ, తాను వేసిన బొమ్మను ఎవరో కొనుక్కుపోతున్నా పట్టించుకోకుండా నవ్వుకుంటూ పోతాడు. వాడికి ఏ బాధా లేదు. దీన్నిబట్టి, హత్య జరిగినంత మాత్రాన అపరాధభావం దానంతటది ఊడిపడదు. అది హత్యకు ముందు పేజీల్లో నువ్వు వేసే విత్తు. నీ కథలో ముందేమీ వెయ్యలేదు కాబట్టే తర్వాత చెమటలూ అద్దాలూ తెచ్చుకోవాల్సి వచ్చింది.

రెండోసారి చూసేటప్పుడు కాగితం మధ్యలో గీత గీసి కూర్చో. ఎడమవైపు హత్యకు ముందు కనబడినవీ వినబడినవీ, కుడివైపు అవి మళ్లీ ఎక్కడొచ్చాయో. సినిమా మూడు వంతులు దాటాక గాని హత్య జరగదు, కాబట్టి ఎడమవైపే నిండిపోతుంది. కిటీ గదిలో గ్రామఫోన్ ముల్లు ఒకచోట ఇరుక్కుని పాటలో ఒకే మాట మళ్లీ మళ్లీ పలకడం రాసుకో. ఆమె జానీని ముద్దుగా పిలిచే పిలుపు రాసుకో. ఏప్రన్ కట్టుకుని, చేతిలో కత్తితో, తిట్టే పెళ్లాం ఎదుట క్రిస్ నిలబడ్డ సీను కూడా. అప్పుడేం జరగదు. జరగకపోవడమే దాని పని: ఈ చేతికి కత్తి కొత్త కాదని మన మనసు గుర్తుపెట్టుకుంటుంది.

ఆపైన హోటల్ గది సీను ఒక్కదాన్నే విడిగా, ఆపి ఆపి చూడు. జానీ చనిపోయిన రాత్రి. లోపల చీకటి, బయట నియాన్ బోర్డు వెలుగుతూ ఆరుతూ గదిని కాసేపు చూపిస్తుంది, కాసేపు మింగేస్తుంది. క్రిస్‌కు గొంతులు వినబడతాయి. అవేం మాట్లాడుతున్నాయో చెవిపెట్టి విను. కిటీ బతికుండగా జానీతో అన్న ప్రేమ మాటలు అందులో ఉన్నాయి, అదే ముద్దు పిలుపు ఉంది. విడదీద్దామనుకున్న ఇద్దర్నీ క్రిస్ తన చేతులతోనే శాశ్వతంగా కలిపేశాడు. అంటే అతన్ని తినేస్తున్నది ఉత్త పశ్చాత్తాపం కాదు, అందులో అసూయ కలిసి ఉంది, చచ్చినవాళ్ల మీద అసూయ. నువ్వు 'అతని మనసు కుమిలిపోయింది' అని ఒక్క ముక్కలో తేల్చిన చోట లాంగ్ రెండు భావాల్ని ఒకే గొంతులో వినిపించాడు.

శిక్ష కూడా నేరానికి అతికినట్టు ఉండాలి. కోర్టులో జానీని ఇరికించడానికి క్రిస్ తనకు బొమ్మలు వెయ్యడం రాదని చెబుతాడు. తన బతుకులో నిజమైనది అదొక్కటే, దాన్నే కాదన్నాడు. కాబట్టే చివర్లో అతను వేసిన కిటీ బొమ్మ పది వేల డాలర్లకు అమ్ముడై కళ్లెదుటే వెళ్లిపోతున్నా నాది అనలేడు. చేసిన పాపం చెబితే పోతుందంటారు. క్రిస్ చెబుతాడు, ఎవరూ నమ్మరు. పిచ్చివాడనుకుంటారు. మన సామెతలోని ఆ చిన్న వెసులుబాటు కూడా అతనికి మిగలలేదు.

సినిమాలో అన్నీ తలకెత్తుకోకు. రైల్లో ఒక విలేకరి, ప్రతి మనిషి గుండెలోనూ ఒక న్యాయస్థానం ఉంటుందని ఉపన్యాసం ఇస్తాడు. సెన్సారు వాళ్లను చల్లబరచడానికి పెట్టారేమో అనిపిస్తుంది. వెనకాలే హోటల్ గది ఉండగా ఆ మాటల అవసరం లేదు. నీ కథలో అటువంటి విలేకరి ఇద్దరున్నారు, ఒకడు స్నేహితుడి వేషంలో, ఒకడు పూజారి వేషంలో. ఇద్దర్నీ తీసెయ్.

ఇక తిరగరాత. నీ కథ పన్నెండు పేజీలు. హత్య తొమ్మిదో పేజీకి ముందు రాకూడదు. దానికి ముందు మూడే మూడు వెయ్యి: ఒక శబ్దం, ఒక వస్తువు, ఒక అబద్ధం. ఐదారైతే పాఠకుడు ఏదీ గుర్తుంచుకోడు. శబ్దమూ వస్తువూ కనీసం రెండుసార్లు మామూలు పనిలో కనబడాలి. మొదటిసారి హత్య గదిలోనే కనబడిన కత్తి అప్పుడే కొట్లో కొని తెచ్చినట్టుంటుంది. అబద్ధం చిన్నదై ఉండాలి, ఆ క్షణంలో సుఖంగానూ ఉండాలి, క్రిస్ కాదనకపోవడంలాగా. హత్య తర్వాత మూడూ తలా ఒక్కసారే తిరిగి రావాలి, రెండోసారి వస్తే జాలి కాస్తా చిరాకు అవుతుంది. వచ్చినప్పుడు వాటి అర్థం నువ్వు చెప్పకు. ఇవి కుదిరాక కల, జ్వరం, అద్దం, వాన వేటి అవసరమూ రాదు. నీ గుమాస్తా ఆఫీసులో ముద్ర వేసే టకటక శబ్దం రెండో పేజీలో ఉండనే ఉంది, అక్కడితో వదిలేశావు. దాన్ని పట్టుకో.

ఇదంతా అయ్యాక, ముందు మాత్రం కాదు, 'ది వుమన్ ఇన్ ది విండో' చూడు. 1944లో వచ్చింది. అదే దర్శకుడు, ఎడ్వర్డ్ జి. రాబిన్సన్, జోన్ బెన్నెట్, డాన్ డ్యూరియా అనే అవే ముగ్గురు నటులు. అక్కడా ఓ మంచివాడి చేతిలో ఒక ప్రాణం పోతుంది. ఆఖరి నిమిషాల్లో నీకు ఒళ్లు మండుతుంది. ఎందుకు మండిందో ఒక పేజీ రాసి, కథతో పాటు పంపు.