ఫ్రెండ్ తనని తాను కులం పేరుతో పిలుచుకుంటాడు, నేను అంటే అట్రాసిటీ కేసా?

ప్రశ్న: మా ఫ్రెండ్ ఎస్సీ, కులం పేరు గర్వంగా పేరు చివర పెట్టుకుంటాడు, మా దగ్గర కూడా తనని తాను అలాగే పిలుచుకుంటాడు. నేను బీసీ. కాలేజీ వాట్సాప్ గ్రూప్‌లో ఆ మాటతోనే బర్త్‌డే విషెస్ చెప్పా. వాడు నవ్వుతూ థ్యాంక్స్ రా అన్నాడు, కానీ గ్రూప్‌లో వాళ్ళ కులం అతనే ఇంకొకతను అట్రాసిటీ కేసు పెడతా అంటున్నాడు. వాడు అనుకోవచ్చు గానీ నేను అనకూడదా సార్?

జవాబు: చట్టమే ఆ తేడా పెట్టిందండీ. 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం సెక్షన్ 3 ఎస్సీ ఎస్టీ కానివాళ్ళకే వర్తిస్తుంది, అంటే వాళ్ళలో వాళ్ళు ఏమనుకున్నా దీని కిందకి రాదు, మీరు బీసీ అయినా ఓసీ అయినా వస్తారు. ఇదెక్కడి న్యాయం అని నన్ను చాలామంది అడుగుతుంటారు. 1994లో దండోరా ఉద్యమం మొదలయ్యాక ఎంతోమంది పేరు చివర మాదిగ అని పెట్టుకున్నారు, తిట్టుగా విన్న మాటని వాళ్ళు తలెత్తుకుని చెప్పుకుంటే దాంతో మనకి లైసెన్స్ వచ్చేసినట్టు కాదు కదా. ప్రభుత్వ ఎస్సీ లిస్టులో ఉన్న కులం పేరే అన్నానండీ అనే వాదన కూడా పనిచేయదు, 2008లో స్వరణ్ సింగ్ కేసులోనే సుప్రీంకోర్టు ఆ మాట ఇవాళ జనం ఏ ఉద్దేశంతో వాడుతున్నారో అదే చూడాలంది.

అలాగని కులం పేరు నోట్లోంచి రాగానే నేరం అయిపోదు. 3(1)(ఆర్) కింద కావాలని అవమానించి ఉండాలి, 3(1)(ఎస్) కింద కులం పేరుతో దూషించి ఉండాలి, రెండూ నలుగురి ఎదుట జరగాలి. శిక్ష ఆరు నెలల నుంచి 5 ఏళ్ళ దాకా, పైన జరిమానా. వాట్సాప్ గ్రూప్ నలుగురి కిందకి రాదు అని వాదించొచ్చు గానీ, అంతమంది క్లాస్‌మేట్స్ ఉన్నచోట దాని మీద నేనైతే ఆశ పెట్టుకోను. మీ బలం ఉద్దేశం దగ్గర ఉంది. 2024లో షాజన్ స్కరియా కేసులో సుప్రీంకోర్టు, అవతలి మనిషి ఎస్సీ అయినంత మాత్రాన సరిపోదు, ఆ కులం వాడనే కారణంతో కించపరిచి ఉండాలి అంది. మీ మెసేజ్, వాడి రిప్లై, పాత చాట్ కలిపి చదివితే అది చూపించడం వాళ్ళకి కష్టమే.

ఇంకొకతను కంప్లైంట్ ఇస్తే పోలీసులు తీసుకోవచ్చు, మీ ఫ్రెండే ఇవ్వాలని లేదు. సెక్షన్ 18 వల్ల ముందస్తు బెయిల్ మామూలుగా రాదు, పైకి చూడగానే కేసే లేదని కోర్టుకి అనిపిస్తే మాత్రం ఇవ్వొచ్చు. అందుకని ముందు ఆ మెసేజ్ డిలీట్ చేయకండి, భయపడి అందరూ చేసే మొదటి పని అదే, తర్వాత మీకు పనికొచ్చే రుజువే పోతుంది. గ్రూప్‌లో వాదన పెట్టుకోవద్దు, అతనికి విడిగా ఫోన్ చేసి సారీ చెప్పండి, అతనికి బాధ కలిగిన మాట నిజమే కదా. తనకి అవమానం అనిపించలేదని మీ ఫ్రెండ్ ఇప్పుడే రాసి సంతకం చేసిస్తే దాచుకోండి, స్టేషన్ నుంచి ఫోన్ వస్తే ఒక్కరే వెళ్ళకుండా లాయర్‌ని తీసుకెళ్ళండి.