టీచరు ఉద్యోగంలో చేరితే చిత్రకారుడి పని అయిపోయినట్టేనా?

బతుకుతెరువు కోసం డ్రాయింగ్ టీచరుగా చేరిన ఆర్టిస్టులో కళ మిగలదంటారు, నిజమేనా అని అడిగారు. శుద్ధ అబద్ధం. ఈ మాట అనేవాళ్ళెవరూ జన్మలో ఒక్క పీరియడ్ పాఠం చెప్పి ఉండరు. మా మావయ్య జిల్లా పరిషత్ హైస్కూల్లో డ్రాయింగ్ మాస్టారుగా రిటైరయ్యారు, కాబట్టి ఈ ప్రశ్న చూడగానే నాకు ఒళ్ళు మండింది.

ఉదాహరణ కావాలన్నారు కదా, చైనా నుంచి అమెరికా వచ్చిన చిత్రకారిణి హంగ్ లియు గురించి చెప్తా. 1948లో చైనాలోని చాంగ్‌చున్‌లో పుట్టారు. మావో హయాంలో పాతదంతా తుడిచెయ్యాలన్న సాంస్కృతిక విప్లవం రోజుల్లో, ఇంట్లో పాత ఫొటోలు దొరికితే ఎక్కడ ప్రాణాల మీదకి వస్తుందోనని వాళ్ళమ్మ చాలావాటిని తగలబెట్టేసింది. 1968లో ఈవిడని పల్లెకి తోలారు. నాలుగేళ్ళు పొలం పని. ఆ తర్వాత బీజింగ్ టీచర్స్ కాలేజీలో సీటు. అంటే ఆవిడ చదివిందే డ్రాయింగ్ టీచరు కావడానికి! అక్కడ వేయించేవి నాయకులు, కార్మికులు, పిడికిళ్ళు. ఈవిడేమో చిన్న రంగుల పెట్టె పట్టుకుని ఎవరూ లేని చోటికి పోయి చెట్టూ, గోడా, ఆకాశం అరచేతి సైజులో వేసుకుని తెచ్చి దాచిపెట్టేవారు. నినాదం లేని బొమ్మ వేయడం అప్పట్లో తప్పు. చదువయ్యాక స్కూల్లో పాఠాలు, టీవీలో బొమ్మలు నేర్పే కార్యక్రమం. ఆ పైన బీజింగ్‌లోనే సెంట్రల్ అకాడమీ ఆఫ్ ఫైన్ ఆర్ట్స్‌లో గోడ చిత్రాలు చదివి అక్కడే పాఠాలు చెప్పారు. కాలిఫోర్నియా యూనివర్సిటీ శాన్ డియాగోలో సీటొచ్చినా పాస్‌పోర్టు ఇవ్వకుండా ఏళ్ళ తరబడి తిప్పారు. 1984లో అమెరికాలో దిగేసరికి వయసు ముప్పై ఆరు.

ఇప్పుడు అసలు సంగతి. కాలిఫోర్నియాలో శాన్ హోసే ఆర్ట్ మ్యూజియం వాళ్ళ దగ్గర ఆవిడ 1988లో వేసిన 'రెసిడెంట్ ఏలియన్' (ఇక్కడ నివాసం ఉండే పరదేశి అని) ఉంది. తన గ్రీన్ కార్డునే అయిదడుగుల ఎత్తు, ఏడున్నర అడుగుల వెడల్పు కాన్వాసు మీద వేశారు. కార్డులో పేరు ఉండాల్సిన చోట 'ఫార్చ్యూన్ కుకీ'! ఇక్కడ అమెరికాలో చైనీస్ హోటళ్ళలో బిల్లుతో పాటు లోపల చీటీ ఉన్న బిస్కెట్టు ఇస్తారే, అది. చైనాలో దాని మొహం ఎవరూ చూసి ఉండరు, అమెరికా సరుకు. పుట్టిన సంవత్సరం 48 తిరగేసి 84 అని రాశారు.

మావయ్య మా ఇంటికి వచ్చినప్పుడు తీసుకెళ్ళి చూపించాను. నేను ఈ హాస్యమంతా విడమరచి చెప్తుంటే ఆయన వింటే కదా! కళ్ళజోడు నుదుటి మీదకి తోసుకుని, కాన్వాసుకి ముక్కు తగిలేంత దగ్గరకి వెళ్ళి అక్షరాలు చూస్తున్నారు. గార్డు వచ్చి "సార్, ప్లీజ్" అంటే ఒక్కడుగు వెనక్కి వేసి, అక్కణ్ణుంచే మళ్ళీ వంగారు.

"ఇవి స్టెన్సిల్ పెట్టి వేసిందంటావా, చేత్తోనా?"

"నాకేం తెలుసు మావయ్యా?"

"చేత్తోనేరా. 'ఎల్' పక్కన 'ఐ' వచ్చినప్పుడు ఎంత ఖాళీ వదలాలో స్కేలు చెప్పదు, చెయ్యి చెప్పాలి. బోర్డు మీద రాసీ రాసీ వచ్చే చెయ్యి అది. ఈవిడ టీచరేనా?"

అవునన్నాను. "చెప్పానా!" అని గార్డు వైపు తిరిగి మరీ నవ్వారు. ఆ వెంటనే, "ఈవిడ కార్డు ఇంత పెద్దదుంది, నీకు చిన్నదైనా ఎప్పుడిస్తారంటరా?" అన్నారు. గ్రీన్ కార్డు లైన్లో ఉండి ఎవరి వంతు ఎక్కడిదాకా వచ్చిందో చెప్పే వీసా బులెటిన్ నెలనెలా చూసుకునేవాళ్ళకి ఆ మాట ఎక్కడ తగులుతుందో తెలుసు. దాని మీద వేరే ప్రశ్న అడగండి, తీరిగ్గా తిడతాను.

1990 నుంచి 2014లో రిటైరయ్యే దాకా ఆవిడ ఓక్లండ్‌లో మిల్స్ కాలేజీలో పాఠాలు చెప్పారు. మరి కళ చచ్చిపోయిందా? 1994లో శాన్ ఫ్రాన్సిస్కోలోని డీ యంగ్ మ్యూజియంలో రైలు పట్టాలు పరిచి, వాటి మీద రెండు లక్షల ఫార్చ్యూన్ కుకీలు గుట్టగా పోశారు. అమెరికా రైలుమార్గం వేయడానికి వచ్చి ప్రాణాలు పోగొట్టుకున్న చైనా కూలీల కోసం. పాత ఫొటోలు తీసుకుని అందులో పేరు కూడా మిగలని ఆడవాళ్ళని, శరణార్థులని నిలువెత్తున వేసి, ఆ పక్కా బొమ్మ మీద అవిసె నూనె కారనిచ్చేవారు. రంగు ధారలు కట్టి కిందికి జారేది. అంత కష్టపడి వేసిన ముఖం మీద నూనె పోయడానికి ఎంత ధైర్యం కావాలి! వేయడం బాగా వచ్చినవాళ్ళకే ఆ ధైర్యం ఉంటుంది. రోజూ పదిమందికి ముక్కూ చెవీ దిద్ది చూపించేవాళ్ళకి రాక ఇంకెవరికి వస్తుంది?

మా మావయ్య మాత్రం సొంత బొమ్మలు మానేశారు. పాఠాలు చెప్పడం వల్ల కాదు, చెప్పనివ్వకపోవడం వల్ల. పదో తరగతి డ్రాయింగ్ పీరియడ్ ఎప్పుడూ లెక్కల మాస్టారిదే, సిలబస్ అవలేదట. ఈయనకి మిగిలేవి వార్షికోత్సవం బ్యానర్లు, పంద్రాగస్టుకి గాంధీ, హెడ్మాస్టరు గది తలుపు మీద పేరు. ఇక్కడ మాత్రం ఏం బాగుంది? పిల్లని ఆర్ట్ క్లాసులో చేర్చిన మనవాళ్ళు మొదట అడిగేది కాలేజీ అడ్మిషన్లకి పనికొస్తుందా అని.

2019లో బీజింగ్‌లో హంగ్ లియు ప్రదర్శన పెట్టబోతే చైనా అధికారులు బొమ్మల్ని దేశంలోకి రానివ్వలేదు, రద్దయింది. 2021 ఆగస్టులో క్యాన్సర్‌తో పోయారు. వాషింగ్టన్‌లో నేషనల్ పోర్ట్రెయిట్ గ్యాలరీలో ఆవిడ పెద్ద ప్రదర్శన అదే నెల చివర్లో మొదలైంది.

శాన్ ఫ్రాన్సిస్కో బే ఏరియాలో ఉన్నవాళ్ళు ఓక్లండ్ ఎయిర్‌పోర్టు టెర్మినల్ 2కి వెళ్ళినప్పుడు అద్దాల గోడ చూడండి, ఎనభై కొంగలుంటాయి. ఆవిడవే. మావయ్యకి అవి అంతగా నచ్చలేదు. గాజు పని జర్మనీలో చేయించారని నేను నోరుజారాను, దాంతో మార్కులు తగ్గించేశారు.