అల్లుడూ, బీరు చల్లగా ఉండాదని కొనేయొద్దు

అల్లుడూ, నిన్న నువ్వు ఫోన్లో చెప్పింది ఇంకా మనసులోనే ఉండాది, ఫ్రెండ్సు కోసమని అన్ని దుడ్లు పోసి అరడజను బీర్లు తెస్తే అట్టపెట్టె నమిలినట్టుందని అందరూ సగంలోనే వదిలేసినారంటివి గదా. చిత్తూరులో వైన్ షాపు కౌంటర్లో 11 ఏండ్లు నిలబడినోణ్ణి, ఇది నీకు నేను చెప్పకపోతే ఇంకెవరు చెప్తారు.

చేతికి జిల్లుమంటే కొత్త సరుకని అనుకోవద్దు నాయనా. మన పక్క కత్తిరి ఎండల్లో రేకుల గోడౌన్లో నెల రోజులు ఉడికిందాన్ని పొద్దున ఫ్రిజ్జులో పెట్టి సాయంత్రం ఇస్తే నీకెట్ల తెలుస్తాది? సీసాలో మిగిలిన రవ్వంత గాలి చాలు, వేడికి అది తొందరగా పని చేసి నువ్వు చెప్పిన ఆ అట్ట రుచి తెచ్చేస్తాది, మళ్ళా చల్లబెట్టినా పోదు.

అందుకే డేటు చూడాల. మన దగ్గర దొరికే లాగర్ బీర్లకు, అంటే మామూలుగా అందరూ తాగే బీర్లకు, చాలావాటి మీద తయారైనప్పటి నుంచి 6 నెలలని ఉంటాది. బాటిల్‌కైతే లేబుల్ మీదో మెడ దగ్గరో, క్యాన్‌కైతే అడుగునో, చుక్కలు చుక్కలుగా సన్నంగా కొట్టుంటారు, చెమ్మకు కనపడకపోతే కర్చీఫుతో తుడిచి ఫోన్ లైటేసి చదువు, వెనకాల వాళ్ళు తొందరపెట్టినా నువ్వు తొందరపడొద్దు. నేనైతే 2 నెలల్లోపుదే తీసుకుంటా, 4 దాటితే ముట్టను. పాతది ముందు పోవాలని షాపుల్లో ముందు వరసలోనే సర్దుతాము, నేనూ అట్లే సర్దినా, కాబట్టి "అన్నా, కొత్త కేసులోది ఇయ్యన్నా" అని నెమ్మదిగా అడుగు, మంచిగా అడిగితే ఎక్కువమంది తీసిస్తారు.

ఆకుపచ్చ సీసా, తెల్ల సీసా అయితే ట్యూబ్‌లైట్ కింద షోకేసులో నిలబెట్టింది అస్సలు వద్దు. చేదు కోసం హాప్స్ అని వేస్తారు చూడు, వెలుతురు తగిలితే దాంట్లోంచే ఒకరకం కంపు పుడతాది, మూత తీయగానే ముక్కుకు కొడతాది. బ్రౌన్ సీసా చాలావరకు కాపాడతాది, క్యాన్‌కైతే ఆ బాధే లేదు.

మూత చుట్టూ తుప్పు గానీ జిగట గానీ ఉన్నా, పక్క సీసా కంటే మట్టం తగ్గినా పక్కన పెట్టేయ్. లైటుకెత్తి చూసినప్పుడు పొరలు పొరలుగా తేల్తా ఉంటే అదీ వద్దు, గోధుమ బీరైతే మాత్రం మసగ్గానే ఉంటాది, దానికి భయపడబల్లేదు.

కొన్నాక బండి డిక్కీలో ఎండకు పెట్టి ఊరంతా తిరగొద్దు, నేరుగా ఇంటికి తెచ్చి నీడలో నిలువుగా పెట్టు. కొండకు పోయే రోజు మాత్రం బండిలో ఒక్క బాటిల్ కూడా ఉండకూడదు, తిరుమలలో మందు నిషేధం, అలిపిరి దగ్గర బండంతా వెతుకుతారు.

ఈసారి షాపుకు పోయినప్పుడు డేటు ఫోటో తీసి నాకు పంపు, దుడ్లు ఇచ్చేముందే పంపు.